కారణాలుంటే నిర్ణయం లేనట్టేనా?

హైదరాబాదు అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో, నారాయణగూడ టీ కొట్ల దగ్గర ఈ మధ్య ఒక వాదం గట్టిగా వినబడుతోంది. మనిషికి స్వేచ్ఛాసంకల్పం లేదు; నేను నిర్ణయించాను అని మనం అనుకునే లోపే మెదడు తన పని తాను కానిచ్చేస్తుంది; ఆ తర్వాత మనం చెప్పుకునేదంతా సర్దిచెప్పుకోవడమే. వెనక దీన్నే నుదుటి రాత అనేవాళ్లు. ఇప్పుడు స్కానులు, న్యూరాన్లు, జన్యువుల పేరు మీద వస్తోంది కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా ఎదురు చెప్పడం లేదు. సివిల్స్‌కు ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ల సిలబస్‌లో స్పినోజా దగ్గర నియతివాదమూ స్వేచ్ఛా అన్న అంశం ఎలాగూ ఉంది. అక్కడ మొదలైన చర్చ శామ్ హారిస్ రాసిన చిన్న పుస్తకం మీదుగా, రాబర్ట్ సపోల్‌స్కీ 2023లో తెచ్చిన లావుపాటి పుస్తకం మీదుగా సాగి, చివరికి "సైన్సే తేల్చేసిందన్నా, మన చేతుల ఏముంది" దగ్గర ఆగుతుంది.

సైన్స్ అలా తేల్చలేదు. తేల్చిందని చెప్పేవాళ్లు కారణాన్నీ బలవంతాన్నీ ఒక్కటి చేసేస్తున్నారు. మన ప్రతి పనికీ వెనక కారణాలున్నాయి, నిజమే. అంతమాత్రాన ఆ పని మనం చేయలేదని, ఇంకోలా చేసే వీలే లేదని అనడం వేరే సంగతి. మొదటిదాన్ని రుజువు చేసి రెండోదాన్ని చేతిలో పెడుతున్నారు. నా అభ్యంతరం అక్కడ.

ఇంత పెద్ద ప్రశ్నను ఒక చిన్న చోట పరీక్షించి చూడొచ్చు. ఈ వాదం చెప్పే కుర్రాళ్లలో చాలామంది చదువు మధ్య విరామంలో కంప్యూటర్ ఆటలు ఆడతారు. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడి చూడరాదా అంటే వెంటనే వచ్చే జవాబు, "గేమింగ్ అంటే విండోసే అన్నా. లినక్స్‌ల ఆటలు నడుస్తయా?" స్వేచ్ఛాసంకల్పం గురించి చెప్పిన జవాబుకూ దీనికీ స్వరం ఒకటే. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, అది తప్ప ఇంకోటి కుదరదు, ప్రయత్నించడం కూడా దండగే అన్న నమ్మకం రెండింట్లోనూ ఉంది. తేడా ఒక్కటే. రెండోది నిజమో కాదో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

మా వీధిలో ఒక గదిలో అద్దెకుండి గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడి లాప్‌టాప్ తీసుకోండి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ మాల్, ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11కు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి, ఏడో తరంలో ఒకటీ అరా తప్పితే. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనంగా ఏడాది పొడిగింపు ఉన్నా అది తాత్కాలికమే. యంత్రం బాగానే ఉంది, కీబోర్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది. అయినా "ఇక కొత్తది కొనుక్కోవాల్సిందే" అన్నది అతని చుట్టూ ఉన్న అందరి మాట. నెలనెలా ఇంటి నుంచి వచ్చే డబ్బులతో మెస్ బిల్లు, గది అద్దె, స్టడీ హాల్ ఫీజు కట్టేవాడికి ఆ మాట ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు.

కొనే ముందు లినక్స్‌ను ప్రయత్నించి చూడొచ్చు. అందులో ఒక రకమైన లినక్స్ మింట్ ఫైలు సుమారు 3 జీబీ. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, లాప్‌టాప్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ మీట నొక్కితే, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే మొత్తం సిస్టమ్ పెన్‌డ్రైవ్ మీద నుంచి లేచి కూర్చుంటుంది. వైఫై పడుతోందా, సౌండ్ వస్తోందా, తెలుగు టైపవుతోందా అన్నీ చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే విండోస్ ఎక్కడున్నది అక్కడే. నచ్చితే విండోస్ పక్కనే ఇంకో భాగంలో ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాత ఆటలు కొని ఆడుకునే స్టీమ్ అనే ప్రోగ్రాం వేసుకుంటే, అందులోని ప్రోటాన్ అనే పొర వల్ల విండోస్ కోసమే రాసిన ఆటకు కూడా ఇన్‌స్టాల్ బటన్ వెలుగుతుంది. మొదటిసారి ప్లే నొక్కగానే వల్కన్ షేడర్లు సిద్ధమవుతున్నాయని ఒక గీత మెల్లగా నిండుతుంది. పాత యంత్రంలో అది కాస్త విసుగు పుట్టిస్తుంది. నిండాక ఆట మొదలవుతుంది. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది ప్రాసెసర్‌తో పాటు వచ్చిన గ్రాఫిక్సే కాబట్టి సైబర్‌పంక్ లాంటివి నడవవు, విండోస్‌లోనూ నడిచేవి కావు. హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి తేలిక ఆటలు హాయిగా నడుస్తాయి.

ఇది ఎలా సాధ్యమైందన్నది నా వాదానికి చాలా ముఖ్యం కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. విండోస్ ఆట నడుస్తున్నప్పుడు విండోస్‌ను అడుగడుగునా ఏదో ఒకటి అడుగుతుంది: ఫలానా ఫైలు తెరువు, ఫలానా శబ్దం వినిపించు, ఈ త్రిభుజాన్ని ఈ రంగుతో గీయి. వైన్ అనే ప్రోగ్రాం ఆ అడిగినవాటిని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి అందిస్తుంది. ప్రాసెసర్ ఆట కోడ్‌ను నేరుగానే నడుపుతుంది, మధ్యలో మారేది అడిగే తీరు మాత్రమే. వైన్ పని 1993లో మొదలైంది. పాతికేళ్ల దాకా దానితో కొత్త ఆటలు నడపడం గగనంగానే ఉండేది, ముఖ్యంగా బొమ్మ గీసే దగ్గర. స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ 2013లో దాన్ని లినక్స్‌కు తెచ్చింది. 2015లో స్టీమ్ మెషీన్లంటూ లినక్స్ పెట్టెలు అమ్మించబోయింది, అవి పెద్దగా అమ్ముడుపోలేదు. ఆడుకోవడానికి సరిపడా ఆటలే లేవు. ఆ రోజున "గేమింగ్ అంటే విండోసే" అన్నవాడి మాట నిజమే.

తర్వాత ఏం జరిగింది? ఫిలిప్ రెబోలే అనే జర్మన్ ప్రోగ్రామర్‌కు నియర్ ఆటోమాటా అనే ఆటను లినక్స్‌లో ఆడాలనిపించింది. ఆ ఆట బొమ్మలు గీయించుకునే విండోస్ పద్ధతి అయిన డైరెక్ట్‌త్రీడీ 11 మీద నడుస్తుంది. డైరెక్ట్‌త్రీడీలో అడిగినదాన్ని లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకే అనే పొరను ఆయన రాయడం మొదలుపెట్టాడు. వాల్వ్ ఆ పనికి డబ్బు పెట్టింది. దాన్నీ వైన్‌నూ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ విడుదల చేసింది. 2022 ఫిబ్రవరిలో లినక్స్ మీదే నడిచే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం వచ్చింది. 2025 అక్టోబర్ నాటి స్టీమ్ సర్వేలో లినక్స్ వాడేవాళ్లు మొదటిసారి 3 శాతం దాటారు. చిన్న సంఖ్యే. కానీ కుదరదన్న చోట కుదిరింది.

"రెబోలేకు ఆ కోరిక పుట్టడానికి కూడా కారణాలుంటాయి కదా, ఆయనేం స్వేచ్ఛగా ఎంచుకున్నాడు?" అని నియతివాది అడుగుతాడు. ఉంటాయి, ఎందుకుండవు? ఆయన పెరిగిన తీరు, నేర్చుకున్న చదువు, ఆడిన ఆటలు అన్నీ కారణాలే. అయితే ఆ కారణాలు గాల్లోంచి డీఎక్స్‌వీకేను పుట్టించలేదు. ఆయన ఆలోచన గుండా, ఆయన పట్టుదల గుండా, ఆయన తప్పొప్పులు సరిచూసుకుంటూ రాసిన కోడ్ గుండా వెళ్లాయి. అందులోంచి ఆయన్ని తీసేస్తే ఏమీ మిగలదు. నేను స్వేచ్ఛ అంటున్నది కారణాల గొలుసు బయట నిలబడే మాయాశక్తిని కాదు. కారణాల గొలుసులో ఆలోచించగలిగిన మనిషి ఒక లంకెగా ఉండడాన్ని, అతనికి ఒక మంచి కారణం చూపిస్తే దారి మార్చుకోగలగడాన్ని.

లినక్స్‌లో నడవని ఆటలున్నాయి, వాటినీ దాచను. వాలొరెంట్ నడవదు. ఫోర్ట్‌నైట్ నడవదు. పబ్జీ పీసీ ఆట నడవదు. అపెక్స్ లెజెండ్స్ మొదట నడిచేది, 2024 అక్టోబర్ చివర్లో కంపెనీయే ఆపేసింది. స్నేహితులంతా రాత్రి వాలొరెంట్‌లో కలుసుకునే కుర్రాడు లినక్స్‌కు పూర్తిగా మారితే ఆ గుంపుకు దూరమవుతాడు, అది చిన్న నష్టం కాదు. కానీ ఇవి ఎందుకు నడవవో చూడండి. యంత్రం చేతకాక కాదు. మోసగాళ్లను పట్టుకునే యాంటీచీట్ ప్రోగ్రాంలు విండోస్ కెర్నెల్ లోపలికి చొచ్చుకుపోయి కాపలా కాసేలా కట్టారు, లేదా లినక్స్‌ను రానివ్వకూడదని కంపెనీ నిర్ణయించింది. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు పెద్ద వ్యవస్థలు 2021 నుంచే ప్రోటాన్‌తో పనిచేయగలవు. ఆ వీలును తెరవాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్ల ఇష్టానికి వదిలారు. కొందరు తెరిచారు. కొందరు తెరవలేదు, మోసాలు పెరుగుతాయన్నది వాళ్ల కారణం. ఆ కారణంలో పస ఉందో లేదో వాదించొచ్చు. వాదించడానికి వీలుందంటేనే అది ప్రకృతి నియమం కాదు, ఎవరో తీసుకున్న నిర్ణయం.

"మన చేతుల ఏముంది" అన్న మాట చేసే చెడు ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. నిజంగా అసాధ్యమైనవి కొన్ని, ఎవరో తలుపు వేసినవి కొన్ని, మనం తలుపు తట్టి చూడనివి కొన్ని ఉంటాయి. ఆ మాట మూడింటినీ ఒకే రంగులో ముంచుతుంది. ఆ తమ్ముడి లాప్‌టాప్‌లో సైబర్‌పంక్ నడవకపోవడం మొదటిది. వాలొరెంట్ రెండోది. హాలో నైట్ మూడోది. మూడింటికీ కారణాలున్నాయి. మూడింటిలోనూ మనం చేయాల్సింది మాత్రం వేరు: మొదటిదాన్ని ఒప్పుకోవాలి, రెండోదాన్ని ప్రశ్నించాలి, మూడోదాన్ని చేసి చూడాలి. అంతా నియతే అన్నవాడికి ఈ తేడా కనబడదు, కనబడినా దానితో అతనికి పనిలేదు.

ఇప్పుడు పెద్ద ప్రశ్నకు వస్తాను. నియతివాదులు ముందుగా బల్ల మీద పెట్టే సాక్ష్యం మెదడు పరిశోధకుడు బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం. మనుషుల తలకు ఎలక్ట్రోడ్లు తగిలించి, ఎదురుగా వేగంగా తిరిగే చుక్క ఉన్న గడియారం పెట్టి, మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు మణికట్టు కదపండి, కదపాలని అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పండి అన్నాడు. కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో ఒక విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలనిపించిందని వాళ్లు చెప్పిన క్షణం మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. కాబట్టి మెదడు ముందే నిర్ణయించేసింది, మనిషికి తర్వాత తెలిసింది, ఇంకేం కావాలి అంటారు.

చాలా కావాలి. మొదటిది, ఆ ప్రయోగంలో నిర్ణయమే లేదు. మణికట్టు ఈ క్షణం కదపడానికీ ఇంకో క్షణం కదపడానికీ మధ్య ఎంచుకోవడానికి ఏ కారణమూ లేదు, ఉండకూడదనే లిబెట్ అడిగాడు. కారణాలు తూచి ఎంచుకునే శక్తి ఉందా లేదా అన్నది ప్రశ్న అయితే, తూచడానికి ఏమీ లేని చోట పెట్టిన పరీక్షతో దాన్ని తేల్చలేం. ఊళ్లో ఉన్న ఉద్యోగం వదులుకుని గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ రావాలా వద్దా అని నెలల తరబడి నాన్నతో, అక్కతో, దోస్తులతో మాట్లాడి, అప్పు లెక్కలు వేసుకుని, చివరికి బస్సెక్కిన మనిషి గురించి ఆ ప్రయోగం ఒక్క ముక్క కూడా చెప్పదు. రెండోది, ఆ సంకేతం అర్థమే సందేహంలో పడింది. 2012లో ఆరన్ షుర్గర్, ఆయన తోటి పరిశోధకులు ఇంకో వివరణ ఇచ్చారు: మెదడులో ఎప్పుడూ వచ్చిపోయే ఒడిదొడుకులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుంది, కదలిక జరిగిన క్షణం నుంచి వెనక్కి లెక్కేసి సగటు తీస్తే మెల్లగా పైకి లేచే గీత కనబడడం సహజం. అలాగైతే అది ముందుగా తీసుకున్న నిర్ణయం కానే కాదు. మూడోది, లిబెట్ స్వయంగా స్వేచ్ఛాసంకల్పం లేదనలేదు. మొదలైన కదలికను ఆపగల శక్తి మనిషికి ఉందని వాదించాడు. 2008లో జాన్ డిలన్ హేన్స్ బృందం కుడి బటనా ఎడమ బటనా అన్నది చాలా సెకన్ల ముందే స్కాన్‌లో పసిగట్టిందని చెబుతారు. ఆ పసిగట్టడంలో ఖచ్చితత్వం సుమారు 60 శాతమని మాత్రం చెప్పరు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది.

సపోల్‌స్కీ వీటి మీద పెద్దగా ఆధారపడడు, అందుకు ఆయన్ని గౌరవిస్తాను. ఆయన వాదం ఇంకా లోతైంది. క్షణం ముందు హార్మోన్లు, ఏళ్ల ముందు బాల్యం, అంతకుముందు తల్లి గర్భం, జన్యువులు, తరాల ముందు సంస్కృతి: ఇవన్నీ కలిసి ఈ క్షణాన్ని తయారుచేశాయి, వీటితో సంబంధం లేకుండా తనంతట తాను పనిచేసిన న్యూరాన్‌ను ఒక్కదాన్ని చూపించమంటాడు. అలాంటి న్యూరాన్ లేదు. ఎవరడిగారు దాన్ని? చదివినదాంతో, తిన్నదాంతో, అమ్మ చెప్పినదాంతో ఏ సంబంధమూ లేకుండా పేలే న్యూరాన్ నా తలలో ఉంటే అది నా స్వేచ్ఛ కాదు, జబ్బు. నా నిర్ణయం నా గతంతో, నా ఆలోచనతో ముడిపడి ఉండాలి, అప్పుడే అది నాది. స్వేచ్ఛకు ఎవరూ పెట్టని షరతు ఒకటి పెట్టి, అది తీరలేదు కాబట్టి స్వేచ్ఛ లేదనడం న్యాయమైన వాదం కాదు.

ఆటల మనిషికి ఇది ఇంకా తేలిగ్గా అర్థం కావాలి. 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను ఈ వీధుల్లోని నెట్ సెంటర్లలో ల్యాన్ కట్టుకుని ఆడిన తరం ఇంకా ఉంది. వందల కొద్దీ సైనికులు తెర మీద కదులుతుంటారు. ఆనాటి మోడెమ్ 28.8 కేబీపీఎస్, ప్రతి సైనికుడూ ఎక్కడున్నాడో పంపడం దానితో అయ్యే పని కాదు. అందుకని తయారుచేసినవాళ్లు ఆట లోకాన్ని పూర్తిగా నియతం చేశారు. ప్రతి కంప్యూటర్‌లోనూ అదే లెక్క, అదే వరస, అదే ఫలితం. తీగ మీద పంపేది ఆటగాళ్ల ఆజ్ఞలు మాత్రమే. అంటే ఆ లోకంలో ప్రతి బాణమూ ముందు స్థితి నుంచి తప్పనిసరిగా వచ్చిందే. అంతా నియతమని ఎవరైనా ఆడడం మానేశారా? అసలు ఆ నియతి వల్లే నీ క్లిక్‌కు విలువ వచ్చింది. గుర్రాలను కొండ వెనక్కి తిప్పితే అవి నిజంగా కొండ వెనక్కే వెళతాయి. ఒకే ఆజ్ఞకు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి జరిగే లోకంలో ఎత్తుగడ అనేదే ఉండదు. మన లోకం కూడా నమ్మదగిన కారణాల మీద నడుస్తోంది కాబట్టే ఆలోచించి చేసిన పనికి ఫలం ఉంది. "ఆటగాడు కూడా లోపల యంత్రమే కదా" అంటారు. కానివ్వండి. ఎదుటివాడి ఎత్తు చూసి తన ఎత్తు మార్చుకోగల యంత్రం, అలా చేయలేని యంత్రం ఒకటి కావు. తత్వవేత్త డేనియల్ డెనెట్ జీవితకాలం చెప్పింది ఇదే: నియతమైన లోకంలో కూడా తప్పించుకోగలగడం అనేది నిజంగా ఉంది, జీవపరిణామం దాన్ని పెంచుకుంటూ వచ్చింది.

ఈ వాదన పడమటి నుంచి వచ్చిందనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. బుద్ధుడి కాలంలోనే మక్ఖలి గోశాలుడు అనే ఆజీవిక గురువు అంతా నియతే, మనిషి ప్రయత్నానికి ఏ శక్తీ లేదని బోధించాడు. జైనుల ఉపాసకదశాంగంలో సద్దాలపుత్తుడు అనే కుమ్మరి ఆయన అనుచరుడు. మహావీరుడు ఆ కుమ్మరి ఇంటికి వెళ్లి, ఆరబెట్టిన కుండలు చూసి, ఇవి ప్రయత్నంతో అయ్యాయా ప్రయత్నం లేకుండానే అయ్యాయా అని అడుగుతాడు. ప్రయత్నం లేకుండానే, అంతా నియతి అంటాడు కుమ్మరి. మరి ఎవరైనా వచ్చి నీ కుండలు పగలగొడితే, నీ భార్య మీద చెయ్యి వేస్తే ఏం చేస్తావు అని మహావీరుడు అడుగుతాడు. తిడతాను, కొడతాను అంటాడు. అంతా నియతే అయితే నీ కుండలు ఎవరూ పగలగొట్టనట్టే కదా, ఎవరిని కొడతావు? ఆ ప్రశ్నతో కుమ్మరి తన మతం మార్చుకున్నాడని కథ. కారణాలు తూచి మనసు మార్చుకున్న మనిషి ఆ కథలోనే కళ్ల ముందు కనబడుతున్నాడు.

కుండలు పగలగొట్టింది ఎవరని అడిగే ఈ కథ అశోక్‌నగర్‌కు కొత్త కాదు. 2022 అక్టోబర్ 16న గ్రూప్ 1 ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని తేలి 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ వచ్చి 2024 జూన్ 9న మరోసారి రాశారు. ఒకే గుమ్మం దాటడానికి మూడుసార్లు. ఆ మధ్యలో వయసు మీద పడింది, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, ఊళ్లో అప్పు పెరిగింది. ఇందిరా పార్క్ దగ్గర, అశోక్‌నగర్ చౌరస్తాలో ఆ పిల్లలు గొంతెత్తి అడిగింది ఏమిటి? పేపర్ ఎవరు అమ్మారు, ఎవరు కాపలా వదిలేశారు, ఎవరు జవాబు చెబుతారు అని. ఎవరూ ఇంకోలా చేయగలిగేవారు కాదు, అంతా హార్మోన్లూ బాల్యమూ అన్నది నిజమైతే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. రాత్రిళ్లు లైబ్రరీలో కూర్చుని చదివినవాడూ, పేపర్ కొన్నవాడూ ఒకే పల్లెంలో పడతారు. చదివినవాడి కష్టం కూడా అతనిది కాదని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చదివినవాడి మొహం మీద చెప్పగలిగినవాడు ముందు చెప్పి చూపించాలి.

సపోల్‌స్కీ దీనికి జవాబు ఉందంటాడు: నిందించొద్దు, అంటువ్యాధి ఉన్నవాణ్ని దూరంగా ఉంచినట్టు ప్రమాదకరమైనవాణ్ని దూరంగా ఉంచండి చాలు. ఆయన ఉద్దేశం దయ, దాన్ని శంకించను. కానీ అభ్యర్థుల కోపం కేవలం రక్షణ కోసం కాదు. మాకు అన్యాయం చేశారు, ఒప్పుకోండి అని వాళ్లు అడుగుతున్నారు. 1962లో తత్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ అన్నట్టు, కోపం, కృతజ్ఞత, క్షమ అన్నవి మనిషిని మనిషిగా చూడడంలోనే ఉన్నాయి. అవి తీసేస్తే ఎదుటివాడు సరిచేయాల్సిన ఒక వస్తువుగా మిగులుతాడు. దయకు నియతివాదం అక్కర్లేదు. ఒకడికి ఎన్ని దారులుండేవి, ఎన్ని మూసుకుపోయాయి అని చూసి శిక్ష తగ్గించడం మన కోర్టులకు ముందే తెలుసు. దారులు తక్కువున్నవాడి మీద దయ చూపాలంటే, దారులు ఎక్కువున్నవాడు వేరే ఉన్నాడని ఒప్పుకోవాలి.

సమాజం గురించి మాట్లాడేవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం దీనికంటే బలమైంది. మనుషులు ముందే పెట్టి ఉంచినదాన్నే ఎంచుకుంటారు. అవయవదానానికి ముందే ఒప్పుకున్నట్టు లెక్కేసే ఆస్ట్రియాలో దాదాపు అందరూ ఒప్పుకున్నట్టు నమోదైతే, విడిగా సంతకం పెట్టాల్సిన జర్మనీలో 12 శాతమే పెట్టారని 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టైన్ చూపించారు. లాప్‌టాప్‌తో విండోస్ వస్తుంది, జనం విండోస్ వాడతారు. ఇందులో ఎంపిక ఎక్కడ? నేను ఈ వాస్తవాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. దాని నుంచి వాళ్లు తీసే ముగింపును మాత్రం ఒప్పుకోను. ముందే పెట్టి ఉంచినది కూడా ఎవరో ఎంచి పెట్టినదే. కేరళ ప్రభుత్వం తన బడుల్లో కంప్యూటర్ పాఠాలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. అక్కడి పిల్లలకు లినక్స్ వింత కాదు, బడిలో చూసిందే. హైదరాబాదులోనే స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు, ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులు, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి ఉచితంగా పంచారు. అలవాటు మనల్ని నడిపిస్తుందని తెలుసుకున్న మనిషి ఆ అలవాటును మార్చే పని కూడా పెట్టుకోగలడు. మార్చలేమని నమ్మించడం వల్ల లాభం ఎవరికి? తలుపు వేసినవాడికే. అందుకే ఈ చర్చను కాలక్షేపంగా వదిలేయలేను.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదుల నుంచి వచ్చే విమర్శ ఇంకొకటి ఉంది. స్టీమ్ కూడా మూసిన సాఫ్ట్‌వేరే, అందులో కొన్న ఆటలకూ తాళాలున్నాయి. విండోస్ వదిలి స్టీమ్ చేతిలో పడడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? 2012లో స్టీమ్ లినక్స్‌కు వస్తోందని తెలిసినప్పుడు ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ కూడా మూసిన ఆటలు తప్పేనని, అయినా వాటిని విండోస్ మీద ఆడడం కంటే ఇది కొంత మేలు కావచ్చని రాశాడు. నేనూ అక్కడే ఉన్నాను. స్వేచ్ఛ ఉంటే మొత్తం, లేకపోతే సున్నా అనుకోవడం నియతివాది చేసే పొరపాటే. కింద ఉన్న సిస్టమ్ నాది, దాన్ని విప్పి చూడగలను, మార్చగలను. పైన ఉన్న ఆట నాది కాదు. నిన్న రెండూ నావి కావు.

జిడ్డు కృష్ణమూర్తిని కూడా నియతివాదానికి సాక్షిగా పిలుస్తుంటారు, ఎంపిక అనేది గందరగోళంలో ఉన్న మనసుకే అవసరమని ఆయన అన్నాడు కాబట్టి. మదనపల్లెలో పుట్టిన ఆ మనిషి 1929లో తన కోసమే కట్టిన సంస్థను, తనకు అంటగట్టిన జగద్గురు పదవిని తనే రద్దు చేసుకున్నాడు. ఆయన్ని నియతివాదుల పక్షాన నిలబెట్టడం కుదరదు.

భారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ని ఇదే అడుగుతాడు, దైవం గొప్పదా పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, గొప్పదా అని. దైవం విత్తనమైతే పురుషకారం పొలమని, రెండూ కలిస్తేనే పంట అని భీష్ముడి ద్వారా వచ్చే జవాబు. విత్తనం మన చేతిలో లేదని చెప్పేవాడితో నాకు పేచీ లేదు. పుట్టుకా, కులమూ, ఊరూ, నాన్న సంపాదనా ఎవరూ ఎంచుకోలేదు. అందుకే లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉండాలి, పరీక్ష ఎప్పుడు జరగాలి, తక్కువ ధర యంత్రంలో ఏది నడవాలి అన్నవి పోట్లాడదగిన విషయాలు. స్వేచ్ఛ అనేదే లేకపోతే దాన్ని ఎవరూ ఎవరి దగ్గరా లాక్కోలేరు, ఎవరికీ లోటు ఉండదు. లోటు ఉందని మనందరికీ తెలుసు.

కాబట్టి ఆ తమ్ముడికి నేను చెప్పేది ఇది. విండోస్‌ను పూర్తిగా తీసేయమనడం లేదు. వాలొరెంట్ కావాలంటే ఆ భాగం అలాగే ఉంచుకో. పక్కన లినక్స్ ఎక్కించి, నీ దగ్గర ఉన్న ఆటల్లో ఏవి నడుస్తాయో నీ చేత్తో నువ్వే చూడు. నచ్చకపోతే వదిలెయ్, నడిపి చూసి వదిలేసినవాడి మాటకు విలువ ఉంటుంది. నడవని ఆట ఏ యాంటీచీట్ వాడుతోందో కనుక్కో. అది ఈజీ యాంటీచీట్ గానీ బ్యాటిల్‌ఐ గానీ అయితే, ఆ తలుపు తెరవమని ఆట కంపెనీకి రాయి. పరీక్ష తేదీ గురించి పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు వినతిపత్రం రాసిన చెయ్యే కదా అది.